చీర మడతలో వాసన

తాండూరులో విఠలయ్య భార్య పోయి మూడేండ్లయింది. బీరువాలో దాచుకున్న ఆమె చీరకు వాసన తగ్గిపోతున్నదని, అదే వాసన చేసి తెమ్మని బిడ్డ వందనకు ఫోన్ చేశాడు. వికారాబాద్‌లో వందన ఇంట్లోనే సెంట్లు కలిపి అమ్ముతుంది. అమ్మ పౌడరునూ సబ్బునూ గుర్తు తెచ్చుకుని, తన దగ్గరున్న రసాయనాలు కలిపి, చిన్న సీసాలో పోసుకుని రైలెక్కి వచ్చింది.

విఠలయ్య మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నీళ్లు తెచ్చినవా?"

అప్పుడే జల్లెడ తిరిగివ్వడానికి వచ్చిన పక్కింటి సత్యమ్మ గడపలోనే ఆగిపోయింది. "వదిన ఇప్పుడే తానం చేసి ఇట్ల పోయినట్టుందన్నా!" అని కొంగుతో కళ్లద్దుకుంది.

విఠలయ్య మళ్లీ పీల్చాడు. ఏమీ లేదు. తనకందనిది పక్కింటామెకు అందిందని ఒళ్లు మండింది.

"ఇందుల కస్తూరి వాసనొచ్చే మందుంది బాపు," అంది వందన. "కొందరి ముక్కులకు అది అసలే తెల్వదు. అమ్మ పౌడర్ల గూడ గదే ఉండె. మరి చీరల నీకొచ్చే వాసన ఏంది?"

అతను చీర తెచ్చి, మడత విప్పి ఆమె ముందు పెట్టాడు. "గిదే. మీ అమ్మ వాసన."

వందన వాసన చూసింది. "ఇది కలరా ఉండలది బాపు. పురుగు పట్టొద్దని అమ్మ పెట్టింది. అరిగిపోయినయి."

విఠలయ్య చీరను పాత మడతల మీదే మడిచాడు.

"నీ సీసా సత్యమ్మకియ్యి," అన్నాడు. "బజారుకు పోయి గా ఉండలు తే."