షట్టర్ వెనక చప్పుడు

అమ్మాయి తీసిన దెయ్యం సినిమాకు తెర దొరకలేదు. ఒక డిస్ట్రిబ్యూటర్ హీరో ఎవరని అడిగాడు. ఇంకొకడు పాటల్లేవా అన్నాడు. మరొకడు ఫోన్లో మాట్లాడుకుంటూనే సగం చూసి, "దెయ్యం కనపడదేమిటమ్మా" అని పెదవి విరిచాడు. కనపడకపోవడమే ఆ సినిమా. ఇనుప షట్టర్ వెనక ఏదో గీకుతుంటుంది. దాన్ని ఎత్తాలా వద్దా అని ఒక ఆడమనిషి కొట్టుమిట్టాడుతుంటుంది. అంతే కథ.

ఆ షట్టర్ చేసింది అమ్మాయి నాన్న. ఆయనది వెల్డింగ్ పని. షూటింగంతా ఆయన షెడ్డులోనే జరిగింది.

చివరికి మేనమామ హాలొక్కటే మిగిలింది. ఆ మాటెత్తితే నాన్న కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆయన భార్య పోయిన రోజున, ఆమె సొంత తమ్ముడు సాయంత్రం ఆట ఆపలేదు. ఆట వదిలాక తీరిగ్గా ఏడవడానికి వచ్చాడు. అప్పటి నుంచి బావాబావమరుదులకు మాటల్లేవు.

"నువ్వు రాకపోయినా ఫర్వాలేదు నాన్నా" అంది అమ్మాయి.

ఆయన చొక్కా తొడుక్కున్నాడు. వచ్చాడు గానీ, హాలు ఆఫీసు గదిలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"మేనకోడలివి. ఉదయం ఆట నీదే, పో" అన్నాడు మేనమామ.

"జాలిపడి ఇస్తే వద్దు మావయ్యా. చూసి ఇవ్వు. నచ్చకపోతే పొమ్మను."

గోడవైపు తిరిగిన వీపు నిటారుగా అయింది.

"నేను తెర చూడనే. చూసేవాళ్ళ మొహాలు చూస్తా. ఇన్నేళ్ళూ నా వ్యాపారం అలాగే నడిచింది."

టికెట్ల గుమాస్తాను, క్యాంటీన్ అతన్ని, ఊడ్చే ఆవిడను పిలిచి హాల్లో కూర్చోబెట్టాడు. నాన్న ఒక మూల కూర్చున్నాడు. మేనమామ తెరకు వీపు పెట్టి నిలబడ్డాడు.

వాడి ఎదుట కనురెప్ప కూడా కదపకూడదనుకున్నాడు వెల్డింగాయన. అయినా తనకేం భయం? ఆ షట్టర్‌కు ప్రతి అతుకూ తను వేసిందే. దాని వెనక తుప్పు గొట్టాలూ, విరిగిన కుర్చీ తప్ప ఏమీ లేవు.

గీకుడు మొదలైంది. షట్టర్ అంచు బెత్తెడు పైకి లేచింది. లోపలంతా చీకటి. ఆ ఆడమనిషి వంగబోయింది. వద్దమ్మా, వంగకు, అనుకున్నాడాయన.

లైట్లు వెలిగేసరికి ఆయన రెండు కాళ్ళూ సీటు మీదున్నాయి.

"వీళ్ళు భయపడ్డారా మావయ్యా?" అడిగింది అమ్మాయి.

"వీళ్ళు నా జీతగాళ్ళు. మెప్పు కోసమైనా వణుకుతారు."

"మెప్పు కోసం నేను కళ్ళు మూసుకోలేదయ్యా" అంది ఊడ్చే ఆవిడ. "ఇవాళ బాల్కనీ ఒక్కదాన్నే ఊడవను. ముందే చెప్తున్నా."

మేనమామ నవ్వలేదు. మూలకు తిరిగాడు.

"బావా, నువ్వు చెప్పు. నా ముందు భయమేసిందని ఒప్పుకోవడం కంటే నీకు చావడం నయం. అందుకే నీ మాట నమ్ముతా."

వెల్డింగాయన కాళ్ళు దించి చెప్పుల కోసం తడుముకున్నాడు. ఒకటే దొరికింది. అమ్మాయి ఆయన వైపు చూడలేదు. బతిమాలే చూపు దానికి రాదు, అచ్చం తల్లి పోలిక.

"భయమేసింది" అన్నాడు. "నేను చేసిన షట్టర్ చూసి నేనే హడలిపోయాను. నా కూతురు భయపెట్టింది."



"శుక్రవారం నుంచి నాలుగు ఆటలూ అమ్మాయివే" అన్నాడు మేనమామ గుమాస్తాతో. తర్వాత గొంతు తగ్గించి, "కాఫీ తాగుతావా బావా?"

"తాగను. నీతో నాకేం లేదు. బయట బోర్డు మీద అమ్మాయి పేరు పెద్దగా రాయించు. నీ హాలు పేరు కంటే పెద్దగా."

"అంత పెద్ద బోర్డు నా దగ్గర లేదు."

"నేను చేస్తా."

రెండో చెప్పు అమ్మాయి వెతికి తెచ్చింది. ఆయన తొడుక్కుని, ఎప్పటిలా ముందు నడవబోయి తలుపు దగ్గర ఆగాడు. పక్కకు జరిగి, ఆమెను ముందు పోనిచ్చాడు.