కుర్చీ మీది తువ్వాలు

నేను ఒక టర్కీ తువ్వాలును. టర్కీ దేశం ఏ దిక్కున ఉందో నాకు తెలియదు. షోలాపూర్‌లో ఒక మరమగ్గం మీద పుట్టాను, మార్కాపురం బజారులో అమ్ముడుపోయాను. నీళ్ళు పీల్చడానికి ఒళ్ళంతా పోగులు లేపి నేశారు నన్ను. తడి తలలు తుడుస్తాను, చంటిబిడ్డను చుట్టుకుంటాను అని ఎన్నో అనుకున్నాను. నా మొహం! కొన్న పరాంకుశం గారు తీసుకెళ్ళి కుర్చీకి కప్పారు.

ఆయన ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. మన ఆఫీసుల్లో ఒక ఆచారం ఉంది, మీరూ చూసే ఉంటారు. కుర్చీ మీద తువ్వాలు ఉంటే దాని యజమాని ఉన్నట్టే. ఆ ఆచారాన్ని ఆయన బాగా వంటబట్టించుకున్నారు. పొద్దున్నే నన్ను సవరించి, స్థలాల బేరాలు చూసుకోవడానికి వెళ్ళిపోయేవారు. ఎవరైనా వచ్చి అడిగితే అటెండరు కొండయ్య నన్ను చూపించేవాడు.

"సారు ఈడనే ఉండారు. తువ్వాలుంది సూడండి."

నోరు లేనిదాన్ని గనక సరిపోయింది. రోజూ నాచేత అబద్ధం ఆడించారు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆయన చెప్పాల్సిన పాఠాలన్నీ చెప్పేది హుసేనమ్మ. ఆమె గెస్ట్ లెక్చరర్. అతిథి వస్తే కాళ్ళకు నీళ్ళిచ్చి పీట వేసే జాతి మనది, గొప్పగా చెప్పుకుంటాం కూడా. ఈ అతిథికి మాత్రం స్టాఫ్ రూములో కుర్చీ లేదు. ఉన్నవి రెగ్యులర్ వాళ్ళకే చాలవట. ఆ ఏడు ఆమెకు కడుపు ఆపరేషన్ అయింది. ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. అయినా క్లాసుకూ క్లాసుకూ మధ్య కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడేది. నొప్పి ఓర్చుకోలేకపోతే వరండా మెట్ల మీద కూలబడేది. మనిషి నిలబడి ఉంటే గుడ్డ కూర్చుని ఉంది. ఆ గుడ్డను నేనే. నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

ఒకరోజు క్లాసులో డస్టరు కనిపించలేదు. హుసేనమ్మ విసవిసా వచ్చి, గదంతా వెతికి, చివరికి నన్ను లాగి భుజాన వేసుకుపోయింది. పుట్టి ఇన్నాళ్ళకు నన్ను ఒకరు పనికి పిలిచారు! బోర్డు మొత్తం తుడిచాను. సుద్దపొడి ఒళ్ళంతా పట్టినా హాయిగా ఉంది.

ఆ రోజు పాఠం, ఇంగ్లీషులో ఒక నామవాచకం ముందు ఇంకో నామవాచకాన్ని నిలబెట్టడం.

"స్కూలు బస్సు వచ్చింది. మీరు ఎక్కేది స్కూలునా, బస్సునా?"

"బస్సునే మేడం!"

"అంతే. వెనకున్నదే అసలు మాట. ముందున్నది అదెట్లాంటి బస్సో చెప్పి ఊరుకుంటది. అందుకే ఎన్ని బూట్లమ్మినా అది షూ షాపే, షూస్ షాపు కాదు." నన్ను ఎత్తి చూపించింది. "కాటన్ టవల్. చేతిలో ఉండేది ఏంది?"

"టవల్!" అని అరిచారు పిల్లలు. నన్ను నా పేరుతో పిలిచింది వాళ్ళే.

వెనక బెంచీలో ప్రమీల అనే అమ్మాయి లేచింది. "మరి గెస్ట్ లెక్చరర్‌లో అసలు మాట ఏంది మేడం?"

హుసేనమ్మ ఆ రెండు మాటలూ బోర్డు ఎడమ మూల రాసింది.

"లెక్చరర్," అంది. గంట కొట్టారు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వొద్దూ? స్టాఫ్ రూములో పెద్దలంతా ఆ ముందున్న 'గెస్ట్' దగ్గరే చదవడం ఆపేశారు. ఆమె తిరిగొచ్చి నన్ను దులిపి కిటికీకి తగిలించి, బోసిగా ఉన్న కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. ఎప్పుడూ రాని పరాంకుశం గారు సరిగ్గా అప్పుడే ఊడిపడ్డారు.

"ఏందమ్మా ఇది? ఎవరి కుర్చీ అనుకున్నావు?"

"తువ్వాలు లేదు గదా సార్. ఎవరిదీ కాదనుకున్నా." ఆమె లేవలేదు. "కుట్లు ఇంకా మానలేదు సార్. ఈ పీరియడ్ కూచోనీండి."

చుట్టూ ఉన్నవాళ్ళు టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. ఆయన తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు. సాయంత్రానికల్లా హుసేనమ్మను రేపటినుంచి రావద్దన్నారు. ఆమె చేసిన నేరం కూర్చోవడం. పాఠం ఎగ్గొట్టినవాడికి కుర్చీ, చెప్పిన మనిషికి వీధి వాకిలి. థూ, ఇదీ ఒక చదువుల గుడి!

ఆయన కొత్త తువ్వాలు కొనుక్కున్నారు. మాసిన నన్ను కొండయ్య ఆ క్లాసులోనే మేకుకు తగిలించాడు, డస్టరు లేదు గనక. మిగతా సార్లు నాతో తుడుస్తూ ఎడమ మూలకు వస్తే పిల్లలు ఒప్పుకోరు. "అది ఇంగ్లీషుది సార్, ఉండనీండి" అంటారు.

నిన్న ఇంగ్లీషు గంటకు ఎవరూ రాలేదు. మొన్నా రాలేదు. ప్రమీల లేచి వచ్చి, నన్ను మేకు మీంచి తీసి, ఆ రెండు మాటల్లో మొదటిదాన్ని మాత్రం తుడిచింది. నేను ఒళ్ళంతా పెట్టి తుడిచాను. రెండోది తెల్లగా మిగిలింది.

పక్కనున్న స్టాఫ్ రూములో కుర్చీ మీద నా తర్వాత వచ్చిన తువ్వాలు కూర్చునే ఉంది.