దండెం తీసిన ఫోటో

చివరి దుప్పటి పిండుతుంటే మోత మొదలైంది. తల ఎత్తకుండానే చెప్పాను.

"రెండు ఇంజన్లవి. జంటగా వస్తున్నాయి."

వినడానికి మేడ మీద ఎవరూ లేరు. దుప్పటి బకెట్లోకి జారవిడిచి ఫోన్ తీశాను. నీళ్ల ట్యాంకు వెనక నుంచి రెండు యుద్ధవిమానాలు దూసుకొచ్చాయి. నేను చెప్పింది చెప్పినట్టే.

మా ఇల్లు వైమానిక స్థావరానికి నాలుగు వీధుల అవతల. కాపురానికొచ్చిన కొత్తలో ఆ మోతకి గిన్నెలు అదిరితే నేనూ అదిరేదాన్ని. పోనుపోను దానికోసమే ఎదురుచూడడం అలవాటైంది. ఆ పది సెకన్లూ ఎవరు పిలిచినా వినపడదు. టవల్ ఏదీ, కళ్లజోడు ఏదీ, టీ ఏమైందీ, ఏదీ వినపడదు. వినపడకపోవడం నా తప్పు కాని సమయం రోజు మొత్తంలో అదొక్కటే. ఆ తప్పించుకోవడంలోంచే చూడడం మొదలైంది. రెక్క ఎంత వెనక్కి వాలింది, తోకలు ఎన్ని, చక్రాలు ఎప్పుడు కడుపులోకి ముడుచుకుంటాయి. అంత బరువున్న ఇనుము అంత తేలిగ్గా మలుపు తిరుగుతుంటే చూసి, కిందికెళ్లి అంట్లు తోముకోవడం తేలిక కాదు.

ఫోన్‌లో మాదొక గుంపు. పదకొండు మందిమి. ఒకరి మొహం ఒకరు ఎరగం. నియమాలు రెండే. గాల్లో ఉన్నదాన్నే తీయాలి, స్థావరం గోడ కూడా పడకూడదు. ముందు కత్తిరించని ఫోటో పెట్టాలి, సోకులు తర్వాత. నా ఫోటోలన్నిటిలోనూ ఏదో ఒక మూల బట్టల తీగ పడేది. అలా నా పేరు "దండెం" అయింది. రెండు నెలలు నన్ను "దండెం అన్నా" అనే పిలిచారు. ఒకరోజు ఇంజన్ చప్పుడు రికార్డు చేసి పంపితే, అందులో మా అత్తగారి కేక కూడా పడింది.

"అమ్మాయ్! పాలు పొంగిపోతున్నాయ్!"

గుంపులో ఉన్న ఒక బస్సు డ్రైవర్ రాశాడు. "క్షమించక్కా. ఇంతకీ పాలు దక్కాయా?"

దక్కలేదు. వాళ్లు దక్కారు. రిటైరైన సైన్సు టీచరమ్మ నాకు గాలి ఎలా రెక్కని లేపుతుందో చెప్పింది. వాన వెలిసిన పొద్దున విమానం గట్టిగా మలుపు తిరిగితే రెక్కల మీద తెల్లటి ఆవిరి కడుతుందని చెప్పిందీ ఆవిడే. అది పట్టుకోవడానికి మూడు వారాలు తడి పొద్దుల్లో మేడెక్కాను. ఒకరోజు దొరికింది. మబ్బులో పుట్టినట్టున్న విమానం. చక్రాలు లోపలికి ముడుచుకుని, ముక్కు పైకెత్తి. ఆ రోజు టీచరమ్మ ఒకటే మాట పంపింది. "చాలమ్మాయ్, ఇక నీకు చెప్పడానికి నా దగ్గరేం లేదు."

పోయిన సోమవారం మావారు ఆఫీసు క్యాలెండర్ చుట్టచుట్టి తెచ్చారు. అత్తగారు విప్పి హాల్లో గోడకి ఆనించారు.

"నా కొడుకులో ఇంత కళ ఉందని నాకే తెలీదు!"

నా విమానం. నా ఆవిరి. దండెం ఉన్న మూల మాత్రం కత్తిరించేశారు. కింద ఆయన పేరు. దాని పక్కన, "నేలకు దిగుతున్న యుద్ధవిమానం."

"ఏమండీ, ఇది నేను తీసింది."

"నీ ఫోన్లో ఊరికే పడి ఉంటే క్యాలెండర్‌కి పంపాను. నీ పేరు రాస్తే మా ఆఫీసులో ఎవరికి తెలుసు? అయినా మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏంటి?"

నిజమే. ఆ దండెం మీద బట్టలు ఆరేయడం మాత్రం ఎప్పుడూ నాదే, మనది కాలేదు.

"ఆదివారం మేనేజరుగారితో కలిపి ఇరవై మంది భోజనానికొస్తున్నారు, ఫోటోకి అభినందనగా. కాస్త ఘనంగా చెయ్."

నా ఫోటోకి ఆయనకి సన్మానం. వంట నాది.

ఆదివారమే స్థావరంలో జనానికి ప్రదర్శన. ఏడేళ్ల తర్వాత. గుంపంతా మొదటిసారి కలుసుకునేది ఆ రోజే.

"ఆదివారం నేను ఇంట్లో ఉండను. ప్రదర్శనకి వెళ్తున్నాను. వంట ఏర్పాటు మీరు చూసుకోండి."

ఆయన పకపకా నవ్వారు. "విమానాలు చూడ్డానికా? చిన్నపిల్లవా నువ్వు? అయినా పోయినా ఎంతసేపుంటావులే!"

నవ్వి మరిచిపోయారు. వారం పొడుగునా రోజుకోసారి గుర్తుచేశాను. రోజుకోసారి నవ్వారు.

ఆదివారం పొద్దున్నే ఆయన స్నానానికెళ్లగానే క్యాలెండర్ తీసి, అదే మేకుకి నేను స్టూడియోలో పెద్దది చేయించిన అసలు ఫోటో తగిలించాను. కత్తిరించనిది. మధ్యలో విమానం. కుడిమూల దండెం, మూడు క్లిప్పులు, చంక కింద గుప్పెడంత చిల్లున్న బనియను. కింద నా చేతిరాత: "చక్రాలు ముడిచింది. పైకెళ్తోంది, దిగడం లేదు. తీసింది దండెం."

అత్తగారు కళ్లజోడు సర్దుకుని దగ్గరికొచ్చారు.

"ఇది వాడి బనియనే! ఆ చిల్లు నేనే రెండుసార్లు కుట్టా." కాసేపు చూశారు. "అంటే... నువ్వే తీశావా?"

"అవును."

"మరి వంట?"

"ఇవాళ్టి విందు ఫోటో తీసినవాళ్లకే కదా అత్తయ్యా. తీసినవాళ్లు బయటికెళ్లారని చెప్పండి."

చెప్పులేసుకుని బయటపడ్డాను.

మైదానం కంచె దగ్గర ఒక పెద్దావిడ మడతకుర్చీలో కూర్చుని ఆకాశం చూస్తోంది. పక్కన ఖాకీ చొక్కాలో ఫ్లాస్కు పట్టుకుని ఒకాయన.

"మీలో దండెం ఎవరమ్మా?" ఆవిడ వచ్చేపోయేవాళ్లందరినీ అడుగుతోంది.

"నేనే," అన్నాను. ఆ ఇద్దరూ గట్టిగా నా చేతులు పట్టుకున్నారు.

"ఈసారి ఏ పాలూ పొంగవుగా అక్కా?" అన్నాడు డ్రైవర్, టీ పోస్తూ.

మొదటి జంట తలల మీదుగా వెళ్లింది. మోత తగ్గింది. రెండోది రావడానికి ఇంకా టైముంది. ఆకాశం నిశ్శబ్దంగా ఉంది. సరిగ్గా అప్పుడు నా ఫోన్ మోగింది. తెర మీద ఆయన పేరు.

స్పష్టంగా వినపడింది. ఎత్తలేదు.