పదిహేడో అంతస్తులో అడ్డుగోడ

నేను ఒక అడ్డుగోడను. ఇటుకలు పేర్చి, సిమెంటు పూసి కట్టిన పెద్దింటి గోడను కాదు. రెండు దళసరి అట్టల మధ్య జిప్సం పిండి కూరి ఆరబెట్టిన పలకల్ని సన్నటి రేకు చట్రానికి మరలతో బిగిస్తే తయారైనదాన్ని. మోచేత్తో గట్టిగా పొడిస్తే సొట్టపడతాను. ప్రస్తుతం ఒక ఎడారి నగరం బయట, విరిగిన తలుపుల మధ్యా పగిలిన కమోడ్ల మధ్యా ఇసకలో పడి ఉన్నాను. ఆ నగరం పేరు చెప్పను. నేను నిలబడిన చోట గోడ నిలబెట్టడం అక్కడి రూలు ప్రకారం నేరం. పేరు చెప్పి ఎవరికో చిక్కు తెచ్చిపెట్టడం దేనికి?

మొదట నన్నొక అత్తరు దుకాణంలో నిలబెట్టారు. రెండేళ్ళు దర్జాగా బతికాను. దుకాణం మూతపడ్డాక యూసఫ్ అనే వడ్రంగి నన్ను ఊడదీసి తన షెడ్డులో పడేశాడు. అక్కడికి నన్ను వెతుక్కుంటూ వచ్చినవాడు కోటిలింగం.

కోటిలింగానిది అమలాపురం పక్క పల్లె. డ్రాఫ్ట్స్‌మన్‌గా వచ్చి, పదేళ్ళు తలొంచుకుని పనిచేసి, తన సెక్షన్‌కి పెద్ద అయ్యాడు. అంతవరకూ భార్య హైమావతితో, కూతురు శర్వాణితో ఆ నగరపు పాత పేటలో, ఒక కిరాణా కొట్టు మీద రెండు గదుల్లో ఉండేవాడు. అతని హోదావాళ్ళంతా సముద్రం ఒడ్డున టవర్లలో ఉంటారు. తనూ ఉండాలనుకున్నాడు, పదిహేడో అంతస్తులో ఒక పడకగది, పెద్ద హాలు ఉన్న ఇల్లు తీసుకున్నాడు. తప్పు పట్టను. మనుషులు ఉంటున్న ఇంటికంటే, ఉంటున్నామని చెప్పుకునే ఇంటి మీదే ఎక్కువ మోజు పడతారు. చేరిన రోజున హైమావతి కరెంటు పొయ్యి మీద పాలు పొంగిస్తే, ఆ మాడు పొగకి అలారం మోగి, ముప్పై అంతస్తుల జనమూ చెప్పుల్లేకుండా రోడ్డు మీదికొచ్చి నిలబడ్డారట. ఆవిడ మాత్రం పాలు తూర్పుకే పొంగాయని సంబరపడిందట.

ఆ సంబరం ఎండాకాలం దాకా ఉంది. అద్దె గురించి అందరూ ముందే చెప్పారు. ఇల్లు చల్లబరచడానికి వేరే బిల్లు వస్తుందని, అదీ అద్దెతో పోటీ పడుతుందని ఎవరూ చెప్పలేదు. వదిలేసి పోదామంటే ఏడాదికి సరిపడా చెక్కులు ముందే రాసిచ్చేశాడు. ఆ ఊళ్ళో చెక్కు చెల్లకపోతే మాటలతో పోదు, జైలే. అందుకే నా అవసరం పడింది.

నన్ను వాళ్ళ హాలు మధ్యలో నిలబెట్టి, ఒక మూల చిన్న తలుపు పెట్టారు. కిటికీ ఉన్న సగానికి అద్దె బాగా వస్తుంది కాబట్టి ఆ సగం ఇచ్చేశారు. ఏ సముద్రం కోసం ఆ ఇల్లు తీసుకున్నారో, ఆ సముద్రం కాస్తా అటుపక్క పడింది. అందులో దిగిన ఎస్తేరు ఆసుపత్రిలో నర్సు. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. పొద్దున్నే వచ్చి, దళసరి తెరలు లాగేసి, సాయంత్రం దాకా పడుకునేది. ఆ సముద్రాన్ని ఇటువాళ్ళూ చూడలేదు, అటావిడా చూడలేదు.

శర్వాణికి అప్పుడు నాలుగున్నరేళ్ళు. బడి నుంచి ఒంటిగంటన్నరకి వచ్చేది. మొదటి వారంలో ఒకరోజు స్టీలు పళ్ళెం మీద గరిటెతో దరువు వేస్తూ, బళ్ళో నేర్చుకున్న పాట గొంతెత్తి పాడింది. నేను కంపించిపోయాను. తలుపు తీసుకుని ఎస్తేరు బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపం మాత్రం లేదు.

"అక్కా, ఏమనుకోకండి. రాత్రి డ్యూటీలో కళ్ళు మూతలు పడిపోయి ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వబోయానండి. పగలు నిద్దర లేపోతే నావల్ల కాదు, ఇంకో గది చూసుకుంటాను" అంది.

హైమావతి సిగ్గుతో చితికిపోయింది, భయపడింది కూడా. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో చీమ చిటుక్కుమంటే ఉలిక్కిపడేవాళ్ళు. కుక్కరు అటకెక్కింది. కొబ్బరి పచ్చడి ఎస్తేరు సెలవురోజుకి వాయిదా పడింది. శర్వాణి నోరు తెరిస్తే హైమావతి పెదవి మీద వేలు పెట్టేది. కొన్నాళ్ళకి వేలు అక్కర్లేకపోయింది, కళ్ళతో చూస్తే చాలు. ఇంకొన్నాళ్ళకి చూడనూ అక్కర్లేదు. ఆ పిల్ల నవ్వొస్తే రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వేది. బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి వాటికి పాఠం చెప్పేది, పెదవులు మాత్రమే కదిలేవి. పడి మోకాలు కొట్టుకుపోయినప్పుడు నా దగ్గరికొచ్చి, నా అట్టకి మొహం ఆనించి, చప్పుడు లేకుండా ఏడ్చింది. ఆ తడి నాకు తెలుసు. నేను గోడనై ఉండి ఏం చేయగలను? వచ్చిన చుట్టాలు, ఎంత బుద్ధిమంతురాలమ్మా నీ కూతురు అని మెచ్చుకునేవాళ్ళు. హైమావతి మురిసిపోయేది.

ఏడాదిన్నర గడిచింది. ఎస్తేరు అద్దె వస్తోంది కదా అని కోటిలింగం రెండో ఏడాదికీ చెక్కులు రాసిచ్చాడు. బడివాళ్ళు కబురు చేశారు. శర్వాణిని లేచి చదవమంటే పెదవులు కదులుతున్నాయే గానీ మాట వినపడటం లేదని, పక్కపిల్లలతో ఆడుకునేటప్పుడూ అంతేనని చెప్పారట. డాక్టరు గొంతు చూశాడు, చెవులు చూశాడు. ఏ లోపమూ లేదన్నాడు. ఇంట్లో ఎలా మాట్లాడుతుందని అడిగాడట. మెల్లగా మాట్లాడుతుందండీ, మంచి పిల్ల అని చెప్పబోయి హైమావతి మధ్యలోనే ఆగిపోయిందట.

ఇదంతా ఆ మధ్యాహ్నం ఆవిడ భర్తకి చెబుతుంటే విన్నాను. గుసగుసగానే చెప్పింది. గుసగుసగా పోట్లాడుకునే మొగుడూపెళ్ళాల్ని నేను ఆ ఇంట్లోనే చూశాను.

"డాక్టరు గొంతు బాగానే ఉందంటున్నాడు. మనమే నొక్కేశామండీ" అంది హైమావతి.

"ఆ అమ్మాయి ఖాళీ చేస్తే ఈ ఇల్లు నిలబెట్టుకోలేం, హైమా."

"వద్దు. నిలబెట్టకండి."

కోటిలింగం లేచి నా దగ్గరికొచ్చి, నా మరల మీద వేలు పెట్టి చూశాడు. అటుపక్క ఎస్తేరు మెలకువగానే ఉంది. సాయంత్రం తలుపు తీసుకుని వచ్చి, గుమ్మంలోనే నిలబడింది.

"మధ్యాహ్నాలు పాప ఇంట్లో ఉండదనుకున్నానక్కా. ఎక్కడో దింపుతున్నారనుకున్నాను. ఒక్కనాడూ అలికిడి లేదు కదండీ" అంది. ఆ వారంలోనే సామాను సర్దుకుని వెళ్ళిపోయింది.

ఇల్లు ఇచ్చేయడానికి యజమాని ఒప్పుకున్నాడు. ముందు కట్టిన డిపాజిట్ వదులుకోమన్నాడు, వదులుకున్నారు. పాత పేటలోనే ఒక గది చూసుకున్నారు. శుక్రవారం ఉదయం కోటిలింగం స్వయంగా నా మరలు విప్పాడు. పని తెలియదు పాపం, నడుము దగ్గర విరిచేశాడు. ముక్కల్ని వీధి తలుపు పక్కన ఆనించాడు. తెరలు తీశారు. హాలంతా వెలుగు నిండింది. సముద్రం కనిపించింది. నిజంగానే చాలా బాగుంది.

హైమావతి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. శర్వాణి వంటింటి వైపు ఉంది. మధ్యలో ఏమీ లేదు.

"అమ్మలూ, ఇంకెవరూ పడుకోలేదు. అక్కణ్ణించే గట్టిగా అమ్మా అని పిలు" అంది.

ఆ పిల్ల నోరు తెరిచింది. మెడ నరాలు పొంగాయి. గాలి వచ్చింది, గొంతు రాలేదు. ఒకసారి తండ్రివైపు చూసింది. తర్వాత మునివేళ్ళ మీద నడుచుకుంటూ, నేను లేని చోట కూడా ఒకప్పుడు నా తలుపు ఉన్న మూల నుంచే తిరిగి, తల్లి దగ్గరికెళ్ళి కొంగు లాగింది. హైమావతి వంగింది. శర్వాణి ఆవిడ చెవికి తన రెండు అరచేతులూ అడ్డం పెట్టి ఏదో చెప్పింది. గది అంత నిశ్శబ్దంగా ఉన్నా నాకు వినపడలేదు. అమ్మా అనే అయ్యుంటుంది.

అప్పుడే కూలీలొచ్చి నన్ను బయటికి మోశారు. వెనక హైమావతి, ఏడుపు ఆపుకుంటూ, ఇంకోసారి పిలు తల్లీ అంటోంది. లిఫ్టు పైనెక్కడో ఆగి ఉంది. వాళ్ళు నన్ను గోడకి ఆనించి బీడీల సంగతి మాట్లాడుకుంటున్నారు. వాళ్ళని కాసేపు నోరు మూసుకోమని చెప్పాలనిపించింది. లిఫ్టు వచ్చేదాకా చెవులు రిక్కించి విన్నాను. ఇంట్లోంచి ఏ చప్పుడూ రాలేదు.