ఎడమ వైపు గిటారు

శశికాంత్‌కి తన చెవులంటే గర్వం. గర్వమనడం మర్యాదకి, నిజానికి పొగరు అనాలి. ఒంగోలు నుంచి వచ్చి పదహారేళ్లుగా సింగపూర్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసుకుంటున్న మనిషి, ఉద్యోగం మీద చూపించాల్సిన పొగరు కూడా చెవుల మీదే చూపించేవాడు. నాలుగు క్షణాల పాట వినిపిస్తే చాలు, ఏ దేశపు బ్యాండో, ఏ ఏడాదిదో, డ్రమ్ములు మనిషి వాయించాడో యంత్రం వాయించిందో చెప్పేసేవాడు. ఏ పాపిష్టి కళ్లు పడ్డాయో అని అతని భార్య నిఖిల తరవాత చాలాసార్లు అనుకుంది.

అతని పిచ్చి మెలోడిక్ హార్డ్ రాక్. గిటార్లు గర్జిస్తూనే ఉంటాయి, పాట మాత్రం స్నానం చేస్తూ కూనిరాగం తీసుకోవడానికి వీలుగా ఉంటుంది, అదీ ఆ సంగీతం. అందులోనూ పేరున్న బ్యాండ్లు అతనికి ఆనవు. ఎనభైల్లో ఏ మారుమూల ఊళ్లోనో నలుగురు కుర్రాళ్లు ఒకే ఒక్క ఆల్బమ్ వేసి, ఎవరూ వినక, పెళ్లిళ్లు చేసుకుని చేపల వ్యాపారంలోకి పోయి ఉండాలి. అలాంటివాళ్లని తవ్వి తీసి తన బ్లాగులో రాసేవాడు. ప్రపంచం మొత్తం మీద దాన్ని చదివేవాళ్లు మూడొందల మంది. ఆ మూడొందల మందికీ శశికాంత్ మాట వేదవాక్కు.

జూలైలో ఒక శనివారం పద్నాలుగేళ్ల కూతురు వర్షితని వెంటబెట్టుకుని సెరంగూన్ వెళ్లాడు. అక్కడ పాత షాపింగ్ కాంప్లెక్స్ మూడో అంతస్తులో లిమ్ అంకుల్ రికార్డుల కొట్టు ఉంది. ఒక అట్టపెట్టె అడుగున, తడికి అంచులు ఉబ్బిపోయిన కవరుతో, ‘వింటర్ ఫెర్రీ’ దొరికింది. నార్వేలో ఒక రేవు ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు పెట్టిన బ్యాండు అది. 1987లో ఐదొందల కాపీలు వేశారు, అంతే. గుంటూరులో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో ఎవడో కాపీ చేసి ఇచ్చిన సీడీలో ఆ పాటల్ని విని విని అరగదీశాడు. కుడి వైపు అన్న గిటారు, ఎడమ వైపు తమ్ముడి గిటారు. అన్న ఒక మాటంటే తమ్ముడు దాని పక్కనే ఇంకో మాట కలుపుతాడు. ఆ కలయిక కోసమే ఆ ఆల్బమ్.

కొట్టు బయటికొచ్చాక వర్షిత మూతి ముడిచి, తన సింగపూర్ యాసలో అంది. "అంకుల్ నిన్ను త్రీ టైమ్స్ పిలిచారు నాన్నా. యూ నెవర్ ఆన్సర్. సో రూడ్ లా."

"దొరక్క దొరక్క దొరికితే ఇంకేం వినపడుద్దే నాకు!" అన్నాడు.

తిరుగు ట్రైన్లో వర్షిత అతనికి ఎడమ పక్క కూర్చుని, వాళ్లు దిగే బెడోక్ స్టేషన్ దాకా ఏదో చెబుతూనే ఉంది. అతను రికార్డు ఒళ్లో పెట్టుకుని, దాని వెనకాల ఉన్న సన్నటి అక్షరాలు చదువుకుంటూ, "ఓకే రా, ఓకే" అని తల ఊపుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చున్నాడు. మొదటి పాటలోనే నొసలు ముడిపడింది. కుడి వైపు అన్న గిటారు బంగారంలా ఉంది. ఎడమ వైపు డ్రమ్ముల దడదడ, కింద బేస్ గిటారు బరువు, అంతే. తమ్ముడు లేడు. రెండో పాటలోనూ లేడు. రికార్డు తిప్పి వేశాడు, అటూ లేడు.

ఇంకొకరైతే ఏం తేడా వచ్చిందో అని కంగారుపడేవారు. మన మహానుభావుడు ఎగిరి గంతేశాడు! ఒక్క గిటారుతో కలిపిన టేపు ఏదో పొరపాటున ఫ్యాక్టరీకి పోయి అచ్చయిందని, దాదాపు నలభై ఏళ్లుగా ఎవరికీ తెలియని ఆ మిక్స్ తన చేతికే చిక్కిందని ఆ సాయంత్రమే బ్లాగులో రాసేశాడు. పాత సీడీ తీసి పోల్చి చూశాడా అంటే, లేదు. కంఠతా వచ్చినదాన్ని మళ్లీ వినడమేమిటని అతని ధీమా.

"అన్నం చల్లారిపోతోందని నాలుగుసార్లు పిలిచా," అని నిఖిల గుమ్మంలో నిలబడింది. "చెవిటోడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని."

శశికాంత్ పగలబడి నవ్వాడు. ఆవిడా నవ్వింది.

ఆగస్టులో ఇంకో రెండు రికార్డులు కొన్నాడు. ఒకటి కెనడాది, ఒకటి జర్మనీది. రెండింట్లోనూ ఎడమ వైపు గిటారు లేదు. అప్పుడైనా అనుమానం రావాలి కదా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు! తూర్పు దేశాలకి పంపిన కాపీలన్నీ అప్పట్లో అలాగే వేసేవారని కొత్త సిద్ధాంతం లేవదీశాడు. ఎందుకైనా మంచిదని ప్లేయర్ సూది మార్చాడు, వైర్లు మార్చాడు. ఆఫీసు కాల్స్‌కి వాడే ఇయర్‌బడ్స్‌లో ఎడమది చచ్చిపోయిందని పారేసి కొత్త జత కొన్నాడు, నెల తిరక్కుండా అందులోనూ ఎడమదే చచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ దోషి అయింది, ఒక్కటి తప్ప.

గదిలో ఎప్పుడూ గుయ్‌మని సన్నగా ఒక చప్పుడు. ఏసీ అనుకుని మెకానిక్‌ని పిలిపించాడు. అతను విప్పి చూసి, అంతా బాగానే ఉందని మూసేసి వెళ్లాడు. ఏసీ ఆపేసినా చప్పుడు ఆగలేదు. పై ఫ్లాట్ వాళ్లదై ఉంటుందిలే అనుకున్నాడు.

ఒక ఆదివారం పొద్దున నడకకి వెళ్తుంటే ఎడమ వైపు నుంచి సైకిల్ వచ్చి గుద్దింది. తొక్కే ముసలాయన బెల్లు కొట్టీ కొట్టీ వేలు నొప్పెట్టిందని తిట్టాడు. శశికాంత్ లేచి నిలబడేసరికి నేల ఒక్క క్షణం పడవలా ఎడమకి ఒరిగి మళ్లీ సర్దుకుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

నిఖిల మోకాలికి మందు రాస్తూ, "చూసుకుని నడవొచ్చుగా" అంది. చూసుకునే నడిచాడు పాపం, వినలేదంతే. ఆవిడ మందు మూత పెట్టి, అతని మొహంలోకి చూసి, "ఒకసారి ఆ చెవులు డాక్టర్‌కి చూపించరాదూ? నాకెందుకో భయంగా ఉందండీ" అంది.

"నా చెవులా?" అని మళ్లీ నవ్వాడు. ఈసారి ఆవిడ నవ్వలేదు.

సెప్టెంబర్లో వింటర్ ఫెర్రీ రికార్డుని కంప్యూటర్లోకి ఎక్కించి బ్లాగులో పెట్టాడు. చదువరులు ఒక్కొక్కరే రాయడం మొదలెట్టారు: ఎడమ వైపు గిటారు శుభ్రంగా వినిపిస్తోంది, ఇది మామూలు కాపీయే. ఓర్వలేనితనం అనుకున్నాడు. వారం తిరిగేసరికి నార్వే నుంచి ఒక ఉత్తరం వచ్చింది, ఈమెయిల్లో. ఊలే అనే అరవై ఏడేళ్ల మనిషి రాశాడు.

"మా అన్నయ్య గిటారు గురించి మీరు రాసింది చదివి ఏడ్చాను. ఆయన పోయి పదకొండేళ్లు. ఇన్నాళ్లకి ఒకరు మమ్మల్ని శ్రద్ధగా విన్నారు. కానీ అయ్యా, మీరు చెప్పే మిక్స్ మేమెప్పుడూ చెయ్యలేదు. మీరు పెట్టిన రికార్డింగ్ విన్నాను. ఎడమ వైపు ఉన్నది నేనే. నేనింకా బతికే ఉన్నాను."

శశికాంత్ దాన్ని నాలుగుసార్లు చదివాడు. సాక్ష్యం కావాలనిపించి వర్షితని పిలిచాడు. రెండు నెలలుగా ఆ పిల్ల అతనితో అంటీముట్టనట్టు ఉంటోంది. వయసు అలాంటిదిలే అని అతను పట్టించుకోలేదు.

"ఎన్ని గిటార్లున్నాయో చెప్పమ్మా."

వర్షిత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అరనిమిషం విన్నది. "గాట్ టూ వాట్. ఒకటి ఇటు, ఒకటి అటు. లెఫ్ట్‌ది ఇంకా నైస్."

"సరిగ్గా విను."

"ఐయో, నువ్వే విను లా!" అని విసుక్కుని, ఎదురుగా నిలబడి, తన తల మీంచి తీసిన హెడ్‌ఫోన్స్‌ని ఉన్నదున్నట్టు అతని తలకి తగిలించింది.

తమ్ముడు వచ్చేశాడు! హాస్టల్ గదిలో విన్నప్పుడు ఎలా ఉన్నాడో అలాగే, ఒక్క మెట్టు పైన, తీయగా, స్పష్టంగా. శశికాంత్‌కి కళ్లు చెమర్చాయి. తరవాత అన్న కోసం వెతికాడు. అన్న లేడు.

చెయ్యి మెల్లగా పైకి పోయింది. కుడి చెవి మీద, వేలికి గరుకుగా తగిలే అక్షరం, ఎల్. ఎదురుగా నిలబడి పెట్టింది కాబట్టి ఎడమది కుడికి వచ్చింది. అతను హెడ్‌ఫోన్స్ తీసి మామూలుగా పెట్టుకున్నాడు. అన్న వచ్చాడు, తమ్ముడు పోయాడు. మళ్లీ తిప్పి పెట్టుకున్నాడు. తమ్ముడు వచ్చాడు, అన్న పోయాడు. రికార్డుకి ఏమీ కాలేదు. ఏ రికార్డుకీ ఏమీ కాలేదు. అతను హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు.

"వర్షా, ఆ రోజు ట్రైన్లో నాకేం చెప్పావురా?"

"నెవర్ మైండ్."

"చెప్పు తల్లీ."

"స్కూల్ బ్యాండ్ కాన్సర్ట్. నాది సెకండ్ క్లారినెట్. ఒక్క పాటలో ఎయిట్ బార్స్ నేనొక్కదాన్నే వాయించాలి అని చెప్పాను. అమ్మకి ఆ రోజు ఆఫీస్. నువ్వు ఓకే అన్నావు. టిష్యూ ప్యాకెట్ పెట్టి నీకు ఫ్రంట్‌లో సీట్ చోప్ చేశాను, ఎవరూ కూర్చోకుండా. ఎండ్ వరకు టిష్యూ ప్యాకెటే కూర్చుంది."

పది రోజుల తరవాత ఆసుపత్రిలో చిన్న గదిలో కూర్చోబెట్టి, మందపాటి తలుపు మూసి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి. ముందు కుడి చెవి. చీమ నడిచినంత సన్నటి శబ్దాన్ని కూడా వదలకుండా నొక్కాడు. అద్దం అవతల నర్సు బొటనవేలు ఎత్తి చూపించింది. పాత పొగరు ఒక్కసారి తల ఎత్తింది. తరవాత ఎడమ. లోతుగా రెండు మూడు మోతలు వచ్చాయి, నొక్కాడు. ఆ పైన నిశ్శబ్దం. యంత్రం సర్దుతోంది కాబోలు అనుకుని ఓపిగ్గా కూర్చున్నాడు. నర్సు ఏదో మీట నొక్కి అతని వైపు చూస్తోంది, మళ్లీ నొక్కి చూస్తోంది. అతను ఆమెకేసి చిరునవ్వు నవ్వాడు. ఆమె కళ్లు తిప్పుకుంది.

తలుపు తెరుచుకుంది. "ఎడమ వైపు మిగతాది ఎప్పుడు మొదలెడతారు?" అని అడిగాడు.

"ఫినిష్ ఆల్రెడీ, సర్," అంది ఆమె మెత్తగా.

డాక్టర్ ఆ కాగితం చూసి టైపు చెయ్యడం ఆపేశాడు. ఒక్క చెవికే ఇలా వచ్చిందంటే లోపల నరం మీద ఏదైనా పెరుగుతోందేమో చూడాలన్నాడు. మంగళవారానికి తలకి స్కాన్ రాశాడు. అదేమై ఉండొచ్చని శశికాంత్ అడిగితే, ముందు స్కాన్ రానివ్వండి అన్నాడు.

బయట హాల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. వర్షిత స్కూలు నుంచి తిన్నగా వచ్చి, క్లారినెట్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తన ఎడమ పక్క కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంచింది. అతన్ని చూడగానే దాన్ని తీసేసింది. శశికాంత్ అక్కడ కూర్చున్నాడు. కూతురు అతనికి కుడి వైపు ఉంది.

"ఏం చెప్పారు నాన్నా?"

ఈసారి ప్రతి అక్షరమూ వినపడింది.