వాకిట్లో నిలబడ్డామె

“ఆ పటంల పులి మీద పోయే ఋషి చాలు. వాకిట్ల నిలబడ్డామెతోటి ఏం పనే నీకు? బట్ట తాను లెక్క సగానికి కోయించుకోని రా” అన్నాడు మా ఆయన రాజలింగం, నేను నూలు కండెలు చుడుతుంటే. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మనిషికి బట్టంటే కొలిచి కోసేదే. నా కండెలకు ఆయన ఎన్నడూ కూలి ఇవ్వలేదు. “ఇంట్ల కూసోని చేసేదే గద” అంటాడు. అందుకే పక్కవాళ్ళకూ చుట్టి కొంత దాచుకున్నాను.

భివండిలోనే, గైబీ నగర్‌లో రూపాలి నడిపే పాత సామాన్ల దుకాణంలో కనిపించింది ఆ పటం. మా నేత కులపోళ్ళకు కథ చెప్పేవాళ్ళు విప్పి చూపించే భావనాఋషి పటంలోని ఒక ముక్క. ఒక పక్క పులినెక్కి పోయే ఋషి, ఇంకో పక్క వాకిట్లో నిలబడి సాగనంపే భార్య. పాత బొమ్మలు కొనడం గురించి దొరికిందల్లా చదివాను. వెనక్కి తిప్పి చూశాను. నేత పాతదే, రంగు మళ్ళీ పూయలేదు. కానీ చిరిగిన పటాన్ని కథవాళ్ళు ఏట్లో కలుపుతారు కదా, ఇది అంగడికెట్లా వచ్చింది? దొంగసొమ్మేమోనని భయం. పటం అమ్మినవాళ్ళదని రూపాలి ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. “మా అత్తమ్మ కథవాళ్ళనే అడిగి కొన్నది. ఇల్లు మారుతున్నమని మేమే అమ్మినం” అంది ఠాణే ఊళ్ళో ఉండే ఆవిడ. మనసు కుదుటపడింది.

డబ్బు కొంగున కట్టుకుని వెళ్ళేసరికి రూపాలి చేతిలో కత్తెర ఉంది. మా ఆయన ముందే ఫోన్ చేశాడట.

“ఆజీ, ఆధా కాట్ దూఁ?” సగానికి కోసెయ్యనా అని అడిగింది.

సాగనంపుతున్న ఆమె చెయ్యి పులి తోక దాకా చాచి ఉంది. కత్తెర పడేది సరిగ్గా ఆ చేతి మీదే. ఆయన మొదటిసారి భివండి బస్సెక్కినప్పుడు, కొడుకు సూరత్ పోయినప్పుడు, బిడ్డను అత్తగారింటికి పంపినప్పుడు గడప దగ్గర మిగిలింది నేనే. ఇప్పటికీ ఎవరు చెప్పులు తొడుక్కున్నా లేచి గడప దాకా వస్తాను.

“నై రూపాలీ. పూరా దేదో.” మొత్తం ఇచ్చెయ్యమన్నాను.

కోస్తే బొమ్మ విలువ పోతుందని చదివాను. చదవకపోయినా అదే మాట అనేదాన్ని.

ఇంట్లో, వీధి తలుపు పక్క గోడకు నేనే మేకు కొట్టి పటాన్ని తగిలించాను. సాయంత్రం మా ఆయన వచ్చి, తలుపు బార్లా తెరిచి, ఒక కాలు బయటే ఉంచి చూశాడు. గోడకు ఆనిన తలుపు రెక్క పులి ఉన్న సగాన్ని కప్పేసింది. ఆమె ఒక్కతే కనిపిస్తోంది, వెలుతురులో.

“నా పులేదే?”

“లోపలికొచ్చి తలుపెయ్యి. కనిపిస్తది” అన్నాను, కండె ఆపకుండా.