నొబెసూతు పేరున పర్మిట్

దక్షిణాఫ్రికాలోని సముద్రతీరపు ఊరు స్టిల్‌క్లిప్‌లో ఇంటిని రోజుల లెక్కన అద్దెకివ్వాలంటే, పర్మిట్ ఎవరి పేరున ఉంటే వాళ్లు ఆ ఇంట్లోనే ఉండాలి. నది దాటితే బ్రాండ్‌వైక్, వేరే మునిసిపాలిటీ. అక్కడ ఆ నిబంధన లేదు.

వెసెల్స్ అనే ఆయన ఉండేది జొహానెస్‌బర్గ్‌లో. స్టిల్‌క్లిప్‌లో సముద్రానికి ఎదురుగా కొన్న ఇంటికి పర్మిట్‌ను పనిమనిషి నొబెసూతు పేరున తీయించాడు.

"ఎవరైనా వచ్చి అడిగితే, ఈ ఇల్లు నడిపేది నేనే, ఉండేదీ ఇక్కడే అని చెప్పు సిసీ. అంతే," అన్నాడు. ఆడవాళ్లను అక్కడ సిసీ, అంటే అక్కా, అని పిలుస్తారు.

ఉండడమంటే బట్టలుతికే గదిలో, మెషిన్ పక్కన పరుపు. కొండ వెనక బస్తీలో ఆమెకు సొంత ఇల్లుంది. ఆదివారం అక్కడికి వెళితే చెల్లెలు నొమ్‌వూజో ఆటపట్టించకుండా వదిలేది కాదు.

"రండి దొరసానిగారూ! పొద్దున్నే తమరి బాత్రూములు తమరే తోముకున్నారా?"

నొబెసూతు నవ్వేసేది. అలా గడిచిన ఆరేళ్లలో తన ఇంటి వెనక ఓ గది కట్టుకుంది. తెల్లటి టైల్స్ వేయించింది, కిటికీకి నీలం రంగు తనే పూసింది. దాన్ని తనూ రోజుల లెక్కన అద్దెకివ్వాలి. వచ్చినవాళ్లకు మొక్కజొన్న, బీన్స్ వండి పెట్టాలి. అదీ ఆమె ఆశ.

సముద్రపు ఇంట్లో ఆరుగురికే అనుమతి. వెసెల్స్ క్రిస్మస్‌కు పదహారు మందిని పంపాడు. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారు. నోటీసు వచ్చింది, నొబెసూతు పేరున. ఆమె కంగారుగా ఫోన్ చేసింది.

"చింపి పారెయ్," అన్నాడతను.

మూడో నోటీసుతో పర్మిట్ రద్దయింది. నెల తిరక్కుండా వెసెల్స్ ఆ ఇల్లు అమ్మేసి, బ్రాండ్‌వైక్‌లో రెండు కొన్నాడు. తాళాలు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆమె అడిగింది.

"మరి నేనెప్పుడు రావాలి సార్ అక్కడికి?"

"ఎందుకు? అక్కడ ఇంట్లో ఎవరూ పడుకోనక్కర్లేదు. క్లీనింగ్‌కి కంపెనీవాళ్లొస్తారు." కారెక్కుతూ, "ఆ పరుపు నువ్వే ఉంచుకో," అన్నాడు.

మర్నాడు నొబెసూతు తన గదికి పర్మిట్ కోసం మునిసిపాలిటీకి వెళ్లింది. కౌంటర్‌లో జాంచీస్ అనే అమ్మాయి కంప్యూటర్‌లో చూసింది.

"ఐదేళ్ల దాకా మీకు ఇవ్వరు అమ్మా. మూడు నోటీసులున్నాయి మీ మీద."

"నేనక్కడ పనిమనిషిని తల్లీ. అతిథులను పంపింది ఆయన."

"ఇల్లు నడిపేది నేనే అని ఏటేటా సంతకం పెట్టారుగా. ఆరు సంతకాలున్నాయి. అవి అబద్ధమంటే చెప్పండి, రాసుకుంటాను. కానీ అది ఇంకా పెద్ద కేసు."

నొబెసూతు తన దరఖాస్తు వెనక్కి తీసుకుంది.

"బ్రాండ్‌వైక్‌లో అయితే ఇవేవీ అడగరు," అంది ఆ అమ్మాయి జాలిగానే.

"నా ఇల్లు ఇక్కడుంది కదా తల్లీ."

వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. ఆమె పక్కకు తప్పుకుంది.

పని పోయింది. ఇల్లు గడవాలి. రాళ్ల క్వారీలో పనిచేసే ఒకతనికి ఆ గదిని నెలవారీ అద్దెకిచ్చింది. దానికి ఏ పర్మిటూ అక్కర్లేదు. దిగిన రోజే అతను కోటు తగిలించుకోవడానికి టైల్ మీద మేకు పెట్టి కొట్టాడు. టైల్ నిలువునా పగిలింది.

"అది పగిలిందే సిసీ! ఇంకెక్కడ కొట్టను?" అని లోపలినుంచి కేకేశాడు.

నొబెసూతు వెళ్లి చోటు చూపించింది.